లాంగ్ డిస్టెన్స్ ట్రయథ్లాన్: రేసు రోజు దాకా ఆగకుండా సాధనలోనే తృప్తి పొందడం ఎలా

ఫుల్ డిస్టెన్స్ ట్రయథ్లాన్‌లో 3.8 కిలోమీటర్లు ఈదాలి, 180 కిలోమీటర్లు సైకిల్ తొక్కాలి, ఆపైన 42.2 కిలోమీటర్లు పరుగెత్తాలి. మామూలుగా దీనికి 17 గంటల గడువు. ఇందులో సగం దూరం ఉన్నదాన్ని, మొత్తం దూరం మైళ్లలో అంతే కాబట్టి, 70.3 అంటారు: 1.9, 90, 21.1 కిలోమీటర్లు.

వారానికి 10 గంటల చొప్పున 40 వారాలు సాధన చేస్తే 400 గంటలవుతుంది. రేసు మహా అయితే 17 గంటలు. ఆ ఒక్క రోజు సముద్రం పోటు మీదుండి ఈత రద్దు కావచ్చు, టైరు చిరగొచ్చు, కడుపు మొరాయించొచ్చు. తృప్తినంతా ఆ రోజు కోసమే దాచుకుంటే మిగతా 400 గంటలూ భరించడమే అవుతుంది. వారాన్ని ఎలా అమర్చుకోవాలి, ఏం కొలవాలి, ఎప్పుడు ఆగాలి అన్నవి సరిగ్గా చూసుకుంటే సాధన రోజులే ఫలితమిస్తాయి. ఆ పనులు వరసగా చెబుతాం.

వయసు 40 దాటినా, బీపీ, షుగర్ ఉన్నా, ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులోనే గుండెజబ్బు వచ్చినా ముందుగా డాక్టర్ని కలవండి. ఈసీజీ, టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద చేసే గుండె పరీక్ష) అవసరమా అని అడిగి, ఆ తర్వాతే మొదలుపెట్టండి.

1. కారణాన్ని కాగితం మీద పెట్టండి

ఒక నోటుబుక్ కొనండి. మొదటి పేజీలో ఈ సాధన ఎందుకో మూడు వాక్యాలు రాయండి. ఒకటి మీ ఒంటికి రావలసిన సామర్థ్యం గురించి: "ఆగకుండా కిలోమీటరు ఈదగలగాలి". ఒకటి మనుషుల గురించో చోటు గురించో: "ఆదివారం తెల్లవారుజామున స్నేహితులతో కలిసి సైకిల్ తొక్కాలి". మూడోది ఏ విశేషమూ లేని ఒక మంగళవారం గురించి: ఆ ఉదయం సాధన అయ్యాక ఆఫీసుకు వెళ్లేటప్పుడు మీరు ఎలా ఉండాలనుకుంటున్నారు? రాశాక ఒక్కో వాక్యాన్నీ ఈ ప్రశ్నతో పరీక్షించండి: రేసు రద్దయినా ఇది నిలుస్తుందా? 2020లో కోవిడ్ వల్ల ప్రపంచమంతటా రేసులు రద్దయ్యాయి. అప్పుడు మెడల్ తప్ప ఇంకే కారణమూ లేనివాళ్లకు పొద్దున్నే లేవడానికి ఏమీ మిగల్లేదు.

బయటి బహుమతి లోపలి ఇష్టాన్ని తినేస్తుందని చూపించిన ప్రయోగం ఒకటుంది. 1973లో లెప్పర్, గ్రీన్, నిస్‌బెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు బొమ్మలు వేయడమంటే ఇష్టపడే చిన్న పిల్లల్లో కొందరికి, బొమ్మ వేస్తే సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పారు. తర్వాత ఖాళీ సమయంలో ఆ పిల్లలే మిగతావాళ్ల కంటే తక్కువసేపు బొమ్మలు వేశారు. సాధనను నమోదు చేసే స్ట్రావా యాప్‌లో వచ్చే కుడోస్ (లైకులు) కూడా అలాంటి సర్టిఫికెట్టేనని మా అభిప్రాయం. మొదటి నాలుగు వారాలు మీ యాక్టివిటీలు మీకు మాత్రమే కనిపించేలా పెట్టుకోండి.

2. దూరాన్నీ గంటలనూ ఇంట్లోవాళ్లతో కూర్చుని తేల్చండి

ఈత రాకుండానే నేరుగా ఫుల్ డిస్టెన్స్‌కు డబ్బు కట్టేయకండి. ముందు ఒలింపిక్ డిస్టెన్స్ చేయండి: 1.5 కిలోమీటర్ల ఈత, 40 సైకిల్, 10 పరుగు. తర్వాత 70.3. ఫుల్ ఆ పైన. తెలుగువాళ్లకు దగ్గరలో ఉన్న 70.3 గోవాది. అది 2019లో మిరామార్ బీచ్ దగ్గర మొదలైంది. ఈత కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లు ఫుల్ కోసం ఏడాదిన్నర చూసుకోవడం మంచిది.

ఒలింపిక్‌కు వారానికి 5–6 గంటలు, 70.3కు 7–10, ఫుల్‌కు 10–14 గంటలు పడతాయి. ఈ గంటలు ఎవరి సమయంలోంచి వస్తాయో ముందే మాట్లాడుకోవాలి. ఆదివారం పదింటికల్లా ఇంట్లో ఉంటానన్నారంటే ఉండాలి. వారంలో ఒక సాయంత్రం పూర్తిగా ఇంటిదే. చెప్పకుండా గంటలు దొంగిలించి చేసే సాధనలో ప్రతి కిలోమీటరూ అపరాధభావంతోనే సాగుతుంది. ఎంత బాగా పరుగెత్తినా తృప్తి ఉండదు.

70.3కు తయారయ్యే వారం ఇలా ఉండొచ్చు. సోమవారం విశ్రాంతి. మంగళవారం గంటసేపు ఈత. బుధవారం 50 నిమిషాల పరుగు. గురువారం ఇంట్లో ట్రైనర్ (సైకిల్‌ను ఒకేచోట నిలిపి తొక్కడానికి వాడే స్టాండు) మీద గంట సైకిల్. శుక్రవారం గంట ఈత, అరగంట స్ట్రెంగ్త్ వ్యాయామం. శనివారం రెండున్నర నుంచి మూడున్నర గంటల సైకిల్, దిగగానే 15 నిమిషాల పరుగు. ఆదివారం 75–100 నిమిషాల నిదానమైన పరుగు. మూడు వారాలు కొంచెం కొంచెం పెంచి, నాలుగో వారం మొత్తం గంటల్లో మూడో వంతు తగ్గించండి. శరీరం గట్టిపడేది ఆ తగ్గించిన వారంలోనే. బాగానే ఉందికదా అని దాన్ని దాటేయకండి.

3. నిదానంగా వెళ్లడం నేర్చుకోండి

ఎక్కువమంది చెడగొట్టుకునేది ఇక్కడే. ప్రతి పరుగూ ఓ మోస్తరు కష్టంగా పరుగెత్తుతారు. అది దమ్ము పెంచేంత నిదానమూ కాదు, వేగం పెంచేంత గట్టిదీ కాదు. అలసట మాత్రం పూర్తిగా మిగులుతుంది. రెండు నెలలకు విసుగొచ్చి, "నాకు మోటివేషన్ పోయింది" అంటారు. పోయింది మోటివేషన్ కాదు, కోలుకునే సమయం.

ఎంత నిదానం? చిన్నప్పుడు నేర్చుకున్న నాలుగు పాదాల పద్యం ఏదైనా పరుగెత్తుతూ బయటికి చదవండి. పాదం చివర మాత్రమే ఊపిరి తీసుకుని నాలుగు పాదాలూ చెప్పగలిగితే సరైన వేగం. పాదం మధ్యలో ఊపిరి అందకపోతే తగ్గించండి. మొదట్లో ఇందుకోసం నడవాల్సి వచ్చినా ఫర్వాలేదు: నాలుగు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక. వారం మొత్తం సమయంలో సుమారు 80 శాతం ఇలా పద్యం చెప్పగలిగే వేగంలోనే గడవాలి. మిగతా 20 శాతం నిజంగా గట్టిగా చేయండి. ఉదాహరణకు, బుధవారం పరుగులో మూడేసి నిమిషాల గట్టి పరుగులు ఐదు, మధ్యలో రెండేసి నిమిషాల జాగింగ్.

నిదానంలో తృప్తి ఎక్కడుందంటే, కొలతలో ఉంది. నాలుగు వారాలకోసారి ఒకే చదునైన దారిలో, ఒకే వేళకు, ఒకే హార్ట్ రేట్ దగ్గర 5 కిలోమీటర్లు పరుగెత్తండి. పద్యం చెప్పగలిగిన హార్ట్ రేట్ 140 అనుకుంటే, ఎంత నెమ్మదైనా సరే 140 దాటనివ్వకండి. పట్టిన సమయం రాసుకోండి. మొదటిసారి 42 నిమిషాలు పట్టింది, మూడో పరీక్షలో 39 పట్టింది అనుకోండి. అదే గుండె, అదే శ్రమ, కానీ మూడు నిమిషాలు మిగిలాయి. ఎవరితోనూ పోటీ లేకుండా, మీ శరీరంలో వచ్చిన మార్పు మీకు అంకెల్లో కనిపిస్తుంది. ఇంతకన్నా నిజాయితీగల కొలత ఈ ఆటలో ఇంకోటి లేదు.

రెండు జాగ్రత్తలు. జనవరి అంకెను మే అంకెతో పోల్చకండి. ఎండలో చెమట పోయి రక్తంలో నీటి భాగం తగ్గుతుంది. చల్లబరచడానికి రక్తం చర్మం వైపు మళ్లుతుంది. ఒక్కో కొట్టుకు పంపే రక్తం తగ్గడంతో గుండె ఎక్కువసార్లు కొట్టుకోవాలి. అందుకే అదే వేగానికి హార్ట్ రేట్ ఎక్కువ చూపిస్తుంది, మీరు వెనకబడినట్టు కాదు. రెండోది, మణికట్టు వాచీలు ఒక్కోసారి గుండెకు బదులు అడుగుల లయను పట్టుకుని 170 చూపిస్తాయి. పరీక్షల రోజు ఛాతీకి కట్టుకునే స్ట్రాప్ వాడండి.

4. ఈతలో వేగం కాదు, తేలిక వెతకండి

పెద్దయ్యాక ఈత నేర్చుకునేవాళ్లకు కాళ్లు మునిగిపోవడమే ప్రధాన సమస్య. కారణం కాళ్లలో ఉండదు. తల పైకెత్తి ముందుకు చూడటం వల్ల నడుము దిగుతుంది. నీళ్లలో ఊపిరి బిగబట్టడం వల్ల ఛాతీ తేలి, కాళ్లు మునుగుతాయి, దానికి తోడు ఆయాసం. కళ్లు పూల్ అడుగును చూడాలి. మొహం నీళ్లలో ఉన్నంతసేపూ ముక్కు, నోటి గుండా సన్నగా గాలి వదులుతూనే ఉండాలి. అప్పుడు తల పక్కకు తిప్పిన క్షణంలో లోపలికి పీల్చడమొక్కటే మిగులుతుంది.

మొదటి ఆరు వారాలు దూరం లెక్కపెట్టకండి. 25 మీటర్లు ఎనిమిదిసార్లు, మధ్యలో 20 సెకన్ల విశ్రాంతి. 25 మీటర్లకు ఎన్ని చేతులు వేశారో లెక్కపెట్టండి. 28 పడుతుంటే 24కు తేవడం మొదటి లక్ష్యం. గట్టిగా లాగితే ఆ లెక్క తగ్గదు. చేయి ముందుకు పూర్తిగా చాచి, ఒళ్లు పక్కకు దొర్లనిస్తే తగ్గుతుంది. లెక్క తగ్గిన రోజు నీళ్లు మిమ్మల్ని మోస్తున్నట్టు స్పష్టంగా తెలుస్తుంది. ఆ రోజు తేదీతో సహా నోటుబుక్‌లో రాయండి.

400 మీటర్లు ఆగకుండా ఈదగలిగాక క్రిటికల్ స్విమ్ స్పీడ్ (ఎక్కువసేపు నిలబెట్టుకోగల ఈత వేగం) చూసుకోండి. 400 మీటర్లు గట్టిగా ఈది సమయం తీసుకోండి. పది నిమిషాలు తేలిగ్గా ఈదాక, 200 మీటర్లు గట్టిగా ఈదండి. మొదటి సమయంలోంచి రెండోది తీసేసి సగం చేయండి. 11 నిమిషాల 20 సెకన్లు, 5 నిమిషాల 20 సెకన్లు అయితే తేడా 6 నిమిషాలు, సగం 3. అంటే 100 మీటర్లకు 3 నిమిషాలు. ఇప్పుడు గడువుతో పోల్చండి. 70.3 ఈతకు సాధారణంగా గంటా పది నిమిషాలు, ఫుల్‌కు రెండు గంటల ఇరవై నిమిషాలు ఇస్తారు. రెండింటిలోనూ 100 మీటర్లకు 3 నిమిషాల 41 సెకన్లు వస్తుంది. మీ చేతిలో కావలసినంత సమయముంది. ఈ లెక్క ఒకసారి చేసి చూసుకుంటే ఈతంటే ఉన్న సగం భయం పోతుంది.

పూల్ వదిలి బయటి నీళ్లలోకి ఒంటరిగా ఎప్పుడూ దిగకండి. నడుముకు కట్టుకునే రంగు ఫ్లోట్, తోడు ఈతగాడు, వీలైతే పడవ ఉండాలి. విశాఖ ఆర్కే బీచ్‌లో లోపలికి లాగే ప్రవాహాలు ఈత బాగా వచ్చినవాళ్లనూ తీసుకుపోతాయి, అది సాధన చేసే చోటు కాదు. మొదటి 200 మీటర్లలో గుండె దడ, ఊపిరాడనట్టు అనిపించడం మామూలే. వెల్లకిలా తిరిగి తేలండి. పది దీర్ఘమైన ఊపిర్లు వదిలాక మళ్లీ మొదలుపెట్టండి. ఇది రేసులో కూడా నిషిద్ధం కాదు. అందుకే పూల్‌లో ముందే పదిసార్లు చేసి అలవాటు చేసుకోండి. ఎనిమిది, పది చేతులకోసారి కళ్లు మాత్రమే నీటిపైకి వచ్చేలా తలెత్తి, బోయాను (నీళ్లమీద తేలుతూ దారి చూపే గుర్తును) చూసుకోవడం కూడా పూల్‌లోనే నేర్చుకోవచ్చు.

5. సైకిల్ మీద, దిగిన తర్వాత

సీటు ఎత్తు ముందు సరిచేయండి. పెడల్ కిందికి వచ్చినప్పుడు మడమ దాని మీద పెడితే మోకాలు నిటారుగా రావాలి. అప్పుడు మునివేళ్ల కింది భాగంతో తొక్కేటప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. మోకాలి ముందు నొప్పి వస్తే సీటు తక్కువైందేమో చూడండి, వెనక వస్తే ఎక్కువైందేమో చూడండి. నొప్పితో గంటలు గంటలు తొక్కడంలో గొప్పతనం లేదు.

ఇంట్లో వెనక చక్రం ట్యూబు మార్చడం పది నిమిషాల్లో అయ్యేదాకా సాధన చేయండి. కొత్త ట్యూబు పెట్టే ముందు టైరు లోపలంతా వేళ్లతో నెమ్మదిగా తడిమి చూడాలి. గుచ్చుకున్న తుమ్మముల్లు అక్కడే ఉంటే కొత్త ట్యూబూ వెంటనే పోతుంది. ఈ ఒక్క పని వస్తే దూరపు రోడ్ల మీద ధైర్యం రెట్టింపవుతుంది.

హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పైకప్పు వేసిన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023లో తెరిచారు. లారీల భయం లేకుండా ఒకే వేగంలో గంటలు తొక్కడానికి అనువైనది. విశాఖవాళ్లకు తెల్లవారుజామున భీమిలి రోడ్డు ఉంది. ఒంటరి సైక్లింగ్ విసుగనిపిస్తే 200 కిలోమీటర్ల బ్రెవే (పోటీ లేని దూరపు సైకిల్ యాత్ర) ఒకటి చేయండి. పదమూడున్నర గంటల గడువు ఉంటుంది, ర్యాంకులు మాత్రం ఉండవు, దారి పొడవునా మాట కలిపేవాళ్లుంటారు.

సైకిల్ దిగిన ఐదు నిమిషాల్లో పరుగందుకోవడాన్ని బ్రిక్ అంటారు. మొదటి కిలోమీటరు కాళ్లు మీవి కానట్టుంటాయి. అడుగులు చిన్నవిగా, త్వరగా వేయండి, వేగం చూడకండి. పది నిమిషాల్లో కాళ్లు దారికొస్తాయి. అలా వస్తాయని ముందే తెలిసి ఉండటమే బ్రిక్ ఇచ్చే లాభం, అందుకు 15–20 నిమిషాలు చాలు.

6. తిండి తక్కువైతే సంతోషం ఉండదు

మూడో గంటలో "ఇదంతా ఎందుకు" అనిపిస్తే అది తత్వం కాదు, చాలాసార్లు చక్కెర తగ్గడం. గంటన్నర దాటే ప్రతి సాధనలో గంటకు 60 గ్రాముల కార్బోహైడ్రేట్ పడాలి. ఒక మోస్తరు అరటిపండులో 25 గ్రాములు, ఉప్పు చల్లిన ఉడకబెట్టిన బంగాళదుంప 100 గ్రాముల్లో 20 దాకా ఉంటాయి. ఆకలి వేసేదాకా ఆగకండి, 20 నిమిషాలకోసారి వాచీలో అలారం పెట్టుకుని తినండి. ఓఆర్ఎస్ తాగుతున్నాం కదా అనుకోవద్దు. లీటరు ఓఆర్ఎస్‌లో గ్లూకోజు 13.5 గ్రాములే. అది ఉప్పు కోసం, తిండికి బదులు కాదు.

నీళ్లు ఎన్ని కావాలో తూచి తెలుసుకోండి. గంట పరుగుకు ముందు, తర్వాత ఒళ్లు తుడుచుకుని బరువు చూసుకోండి. తగ్గిన ఒక్కో కిలోకు లీటరు చెమట పోయినట్టు, మధ్యలో తాగింది దానికి కలపాలి. పోయినదంతా పూడ్చాలని ఉత్త నీళ్లు విపరీతంగా తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది. వేళ్లు ఉబ్బడం, తలనొప్పి, వాంతి, అయోమయం దాని గుర్తులు. అది ప్రాణం మీదికి తెస్తుంది. సాధన రోజు మొత్తానికి కిలో బరువుకు 1.6 గ్రాముల ప్రొటీన్ చూసుకోండి. అన్నం, చారు, ఊరగాయతో అది రాదు. గుడ్లు, చికెన్, పప్పు, పెరుగు, సోయా తినాలి. ఆడవాళ్లకు నెలసరి ఆగిపోవడం బాగా సాధన చేస్తున్నారనడానికి గుర్తు కాదు. శ్రమకు తగ్గ తిండి అందకపోవడమే తరచు దానికి కారణం. వెంటనే డాక్టర్ని కలవండి.

7. రోజూ మూడు లైన్లు

ప్రతి సాధన తర్వాత మూడు లైన్లు రాయండి: ఏం చేశారు, ఎన్ని నిమిషాలు; 1 నుంచి 10లో ఎంత కష్టమనిపించింది; గమనించిన ఒక విషయం. మూడో లైను దాటేయకండి. "ఎడమవైపు ఊపిరి ఈ రోజు కుదిరింది", "ఎదురుగాలిలో కూడా విసుక్కోలేదు" లాంటివి యాప్ రాయదు. నిమిషాలను కష్టం అంకెతో గుణిస్తే ఆ రోజు భారం వస్తుంది, ఆదివారం కూడండి. ఒక వారం నుంచి ఇంకో వారానికి అది హఠాత్తుగా పెరిగితే గాయాలు దగ్గర్లో ఉన్నట్టే. వారానికొక సాధన వాచీ లేకుండా చేయండి.

8. ఇష్టం పోయినప్పుడు కారణం వెతకండి

బద్ధకమా, అలసటా అన్నది పది నిమిషాల్లో తేలుతుంది. బట్టలు మార్చుకుని పది నిమిషాలు అతి నిదానంగా చేయండి. బద్ధకమైతే పోతుంది. కాళ్లు ఇంకా బరువుగా ఉండి, హార్ట్ రేట్ మామూలు కంటే ఎక్కువుంటే ఇంటికి వచ్చేయండి. లేవగానే చూసుకునే నాడి వరసగా మూడు రోజులు ఏడెనిమిది ఎక్కువ చూపడం, నిద్ర చెదరడం, చిన్నమాటకే కోపం రావడం కలిసి కనిపిస్తే మూడు రోజులు పూర్తిగా ఆపి, తర్వాతి వారం సగమే చేయండి. రెండు వారాలైనా మారకపోతే డాక్టర్ని కలిసి హీమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), థైరాయిడ్ చూపించుకోండి. జ్వరంతో అసలు సాధన వద్దు. డెంగీ, వైరల్ జ్వరాల తర్వాత డాక్టర్ సరేనన్నాకే మొదలుపెట్టాలి, వైరస్ గుండె కండరానికీ పాకే ప్రమాదముంది. కాలి ఎముక మీద వేలితో చూపించగలిగేంత ఒక్కచోట నొప్పి ఉంటే పరుగు ఆపండి, అది ఎముకలో సన్నని చీలిక కావచ్చు.

తప్పిపోయిన సాధనను మర్నాడు కలిపి చేయకండి. పోయింది పోయిందే. దీనికి వ్యతిరేకమైన ఇబ్బంది కూడా ఉంది. విశ్రాంతి రోజు చేతులు కాళ్లు ఆడనట్టుండటం, గాయంతోనే పరుగెత్తడం, ఇంట్లోవాళ్ల పెళ్లిళ్లు మానేయడం. దాన్ని పట్టుదల అని పొగుడుతుంటారు. మేము ఒప్పుకోం. అలాంటప్పుడు ఒక వారం షెడ్యూల్ మొత్తం పక్కనపెట్టి, మొదటి పేజీలోని మూడు వాక్యాలు మళ్లీ రాయాలి.

9. రేసుకు మూడు రకాల లక్ష్యాలు

మొదటి రకం పూర్తిగా మీ చేతిలో ఉన్నవి: ప్రతి గంటా 60 గ్రాములు తినడం, మొదటి 30 కిలోమీటర్ల సైకిల్ పద్యం చెప్పగలిగే వేగంలోనే తొక్కడం, ప్రతి వాలంటీరుకూ థాంక్స్ చెప్పడం. రెండోది పూర్తి చేయడం. టైమింగ్ మూడోది. 1978లో హవాయి ఓవహు దీవిలో మొదటి ఐరన్‌మ్యాన్ (ఫుల్ డిస్టెన్స్ ట్రయథ్లాన్) జరిగినప్పుడు 15 మంది మొదలుపెడితే 12 మంది పూర్తి చేశారు. జపాన్‌కు చెందిన హిరోము ఇనాదా 2018లో హవాయిలోని కోనాలో ఐరన్‌మ్యాన్ ప్రపంచ పోటీని 85 ఏళ్ల వయసులో పూర్తి చేశారు. ఈ ఆట మొదటి నుంచీ పూర్తి చేసేవాళ్లది.

చివరి రెండు వారాలు గంటలు సగానికి తగ్గించండి, చిన్న చిన్న గట్టి పరుగులు మాత్రం ఉంచండి. కాళ్లు బరువెక్కినట్టు, లేని నొప్పులు పుట్టినట్టు అనిపిస్తుంది. కంగారుపడి చివరి వారంలో లాంగ్ రన్ పెట్టకండి. కొత్త బూట్లు, కొత్త ఎనర్జీ జెల్ రేసు రోజు వద్దు.

10. రేసు తర్వాతి నెల

క్యాలెండరు ఒక్కసారిగా ఖాళీ అవడంతో చాలామందికి వారం పది రోజుల్లో వెలితిగా ఉంటుంది, బాగా చేసినవాళ్లకు కూడా. అందుకని రేసుకు ముందే ఆ నెల రాసి పెట్టుకోండి. మొదటి వారం నడక, తేలికైన ఈత మాత్రమే. రెండో వారం మనసైతే సైకిల్. పరుగు మూడో వారం నుంచి, అదీ ఒంట్లో నొప్పులన్నీ పోయాక. కుటుంబంతో ఒక ప్రయాణం ఆ నెలలోనే బుక్ చేయండి. నాలుగు వారాలు కొత్త రేసుకు డబ్బు కట్టకండి. ఈలోగా దగ్గర్లో రేసేదైనా ఉంటే నీళ్లందించే స్టేషన్‌లో వాలంటీరుగా నిలబడండి, లేదా ఈత రాని స్నేహితుణ్ని పూల్‌కు తీసుకెళ్లి, కోచ్ దగ్గర చేర్చి, నీళ్లలో గాలి వదలడం దగ్గరుండి నేర్పించండి. నాలుగో ఆదివారం నోటుబుక్ మొదటి నుంచి చివరిదాకా చదవండి. మూడో లైన్లలో మిమ్మల్ని ఎక్కువ సంతోషపెట్టినవి ఈతవా, సైకిల్‌వా, పరుగువా అని గీతలు పెట్టి లెక్కపెట్టండి. తర్వాతి సీజన్‌లో ఎక్కువ గంటలు దానికి ఇవ్వండి.